రూట్ కెనాల్ చేయించిన పన్నుకు మళ్ళీ చీము ఎందుకు పట్టింది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 41. మాది నిడదవోలు. పోయిన వేసవిలో కుడివైపు కింది దవడ పన్ను రాత్రుళ్ళు నిద్రపోనివ్వకుండా సలిపితే డెంటిస్టు దగ్గరకు వెళ్ళాను. మూడు సిట్టింగుల్లో రూట్ కెనాల్ చేశారు. చేస్తున్నప్పుడు బ్లీచింగ్ పౌడర్ లాంటి వాసన వచ్చి భయమేసింది. చివరి రోజు ఎక్స్‌రే చూపించి, ‘లోపల మందు నింపేశాం, పైన తాత్కాలికంగా సిమెంట్ పెట్టాం, పది రోజుల్లో వచ్చి పర్మనెంట్ ఫిల్లింగ్, క్యాప్ వేయించుకోండి’ అన్నారు. నొప్పి పూర్తిగా పోయింది. మా అమ్మాయి కాలేజీ అడ్మిషన్ హడావిడిలో పడి నేను మళ్ళీ వెళ్ళలేదు. రెండు నెలలకు సిమెంట్ ముక్క ఊడిపోయింది. మెతుకులు ఇరుక్కుంటే పిన్నీసుతో తీసుకుని, లవంగ నూనె ముంచిన దూది పెట్టుకునేదాన్ని. ఇప్పటికి ఆరు నెలలు దాటింది. వారం క్రితం ఆ పన్ను పక్క చిగురు మీద చిన్న పొక్కు లేచింది, నొక్కితే చీము వస్తోంది. గట్టిది నమిలితే నొప్పి. రాజమండ్రిలో ఇంకో డాక్టరు చూసి మొత్తం మళ్ళీ చేయాలంటున్నారు. నరమే తీసేశాక నొప్పి ఎలా వస్తుంది? మొదటి డాక్టరు చేత్తో చేశారు, ఈయన మెషీన్‌తో చేస్తానంటున్నారు. తేడా ఏమిటి? క్యాప్ నిజంగా అవసరమా, డబ్బు కోసం చెబుతున్నారా? మా బావగారు ‘పీకించేసుకో, పీడ పోతుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా మీకు కావలసిన మాట చెప్పేస్తాను. పన్ను పీకించుకోవడానికి తొందరపడకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రాజమండ్రి డాక్టరు గారి సలహా సరైనదే. పన్ను వేరు నిలువునా చీలకుండా ఉంటే, చిగురు పైన గట్టి గోడ కొంతైనా మిగిలి ఉంటే, రూట్ కెనాల్ మళ్ళీ చేసి ఆ పన్నును నిలబెట్టుకోవడానికి మంచి అవకాశం ఉంది. కానీ వాయిదా మాత్రం ఇక వద్దు. ఈలోగా జ్వరం వచ్చినా, బుగ్గ వాపు దవడ కిందికి, మెడకు దిగినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. మెడలోకి పాకిన పంటి చీము ప్రాణం మీదకు తెస్తుంది.

నరం తీసేశాక నొప్పి ఎలా అన్నారు. పన్ను లోపల నొప్పి తెలిసే భాగం ఇప్పుడు మీకు లేదు, నిజమే. అయితే పంటి వేరు చుట్టూ ఎముక ఉంటుంది, వేరుకూ ఎముకకూ మధ్య సన్నని పొర ఉంటుంది. వాటిలో ప్రాణం అలాగే ఉంది. నమిలినప్పుడు మీకు తెలుస్తున్న నొప్పి అక్కడిది. వేరు లోపల చేరిన సూక్ష్మక్రిములు, వాటి విషాలు వేరు కొనలోంచి బయటికి వచ్చి ఎముకను రేపుతున్నాయి. శరీరం వాటితో పోరాడగా తయారైన చీము ఎముకలోంచి దారి చేసుకుని చిగురు మీద పొక్కుగా తేలింది. దారి దొరికింది కాబట్టే మీకు భరించలేనంత నొప్పి లేదు. లోపల ఒత్తిడి లేదు. నొప్పి తక్కువ ఉందంటే జబ్బు తక్కువ ఉందని కాదు.

అసలు పంటి నరం చచ్చిపోయేది, వేరు కొన దగ్గర చీము పట్టేది క్రిముల వల్లనే అని తేల్చిన ఒక ప్రయోగం ఉంది. 1965లో కకెహషి, ఆయన సహచరులు ఎలుకల దవడ పళ్ళకు రంధ్రం చేసి, లోపలి గుజ్జు (మనం నరం అనేది దీన్నే) బయటపడేలా వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చి చీము పట్టింది. ఒక్క క్రిమి కూడా లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా కూడా గుజ్జు బతికింది, పైగా గాయం మీద కొత్త పంటి పదార్థం పేరుకుని మూసుకుంది. రంధ్రం, తిండి రెండూ ఉన్నా క్రిములు లేనిచోట పన్ను తనను తాను కాపాడుకుంది. రూట్ కెనాల్ వైద్యమంతా ఈ విషయం మీదే నిలబడి ఉంది: లోపలి క్రిములను వీలైనంత తగ్గించడం, మళ్ళీ వాటిని లోపలికి రానివ్వకపోవడం. మీ విషయంలో మొదటి సగం జరిగింది. నొప్పి పోవడమే అందుకు గుర్తు. రెండో సగం జరగలేదు.

చేత్తో చేయడానికీ మెషీన్‌కూ తేడా అడిగారు కదా, లోపల ఏం చేస్తారో చెబితే అది మీకే అర్థమవుతుంది.

కింది మొదటి దవడ పంటికి సాధారణంగా రెండు వేళ్ళు, వాటిలో మూడు కాలువలు ఉంటాయి. కొందరికి నాలుగోది కూడా ఉంటుంది. పన్ను పైభాగం తెరిచి ఈ కాలువల నోళ్ళు వెతికి పట్టుకోవాలి. తర్వాత ఒక్కో కాలువ పొడవు కొలవాలి. ఫైలు అనే సన్నని సూదిని లోపలికి దించి, దానికి అపెక్స్ లొకేటర్ అనే చిన్న పరికరం వైరు తగిలిస్తారు. ఫైలు కొన వేరు చివరకు చేరుతుండగా అది బీప్ బీప్ మంటుంది. మీరు ఆ శబ్దం వినే ఉంటారు. ఎక్స్‌రేతో కూడా సరిచూసుకుని, వేరు కొనకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ముందే ఆగేలా ఫైలు మీది రబ్బరు చక్రాన్ని జరిపి పెట్టుకుంటారు. ఈ కొలత తప్పితే మిగిలినదంతా తప్పుతుంది. తక్కువైతే కింద మురికి మిగిలిపోతుంది. ఎక్కువైతే ఆ మురికి, మందు కలిసి ఎముకలోకి పోతాయి.

ఫైళ్ళ పిడులకు రంగులుంటాయి. ఊదా రంగు పిడి ఫైలు 10వ నంబరు, దాని కొన మిల్లీమీటరులో పదో వంతు లావు ఉంటుంది. తెలుపు 15, పసుపు 20, ఎరుపు 25, నీలం 30. సన్నదానితో మొదలుపెట్టి ఒక్కో సైజు పెంచుకుంటూ కాలువ గోడలను గీకుతూ వెడల్పు చేస్తారు. స్టీలు ఫైళ్ళతో చేతిపని చేసేవాళ్ళు ఎక్కువగా వాడే పద్ధతిలో, కొన దగ్గర కావలసిన సైజు వచ్చాక ప్రతి పెద్ద ఫైలును ఒక్కో మిల్లీమీటరు ముందుగా ఆపుతూ పైకి వస్తారు. అప్పుడు కాలువ కింద సన్నగా, పైన వెడల్పుగా గరాటులా తయారవుతుంది. దీనికి తిరగేసిన పద్ధతి ఇంకొకటి ఉంది. ముందు కాలువ పై భాగాన్నే వెడల్పు చేసి, అక్కడి మురికి కడిగేసి, ఆ తర్వాతే కిందికి దిగుతారు. పైన ఉన్న క్రిములను ఫైలుతో తోసుకుంటూ వేరు కొనకు తీసుకుపోయే ప్రమాదం ఇందులో తక్కువ. కడిగే మందు కూడా కిందిదాకా సులువుగా చేరుతుంది. నాకైతే ఈ రెండో పద్ధతి మీదే మక్కువ. మెషీన్ ఫైళ్ళు చాలావరకు దీన్నే అనుసరించి తయారవుతాయి.

ఇక వేళ్ళు నిటారుగా ఉండవు. మీ కింది దవడ పంటికి ముందు వేరు దాదాపు ఎప్పుడూ వంపు తిరిగే ఉంటుంది. స్టీలు ఫైలు లావెక్కేకొద్దీ బిరుసెక్కుతుంది, వంపులో నిటారుగా నిలబడాలని చూస్తుంది. చేయి జాగ్రత్తగా లేకపోతే వంపు దగ్గర గోడలో మెట్టు పడుతుంది. ఆ మెట్టు దాటి కింది భాగానికి ఫైలు మళ్ళీ దిగదు. నికెల్, టైటానియం కలిపిన లోహంతో చేసిన ఫైలు వంపు వెంట ఒదిగిపోతుంది. ఆ లోహంతో చేసిన ఫైళ్ళ గురించి మొదటి పరిశోధన 1988లో వచ్చింది. దాన్ని మోటారుకు తగిలించి తిప్పితే అదే మెషీన్ రూట్ కెనాల్. పని త్వరగా అవుతుంది, కాలువ ఆకారం నునుపుగా వస్తుంది, వంపు చెడిపోవడం తక్కువ. అలాగని మెషీన్ దోషం లేనిదేమీ కాదు. ఆ ఫైలు వంపులో తిరిగీ తిరిగీ అలసిపోతే, పైకి ఏ గుర్తూ కనిపించకుండానే లోపల విరిగిపోవచ్చు. అందుకే ముందు 10వ నంబరు చేతి ఫైలుతో దారి చేసుకున్నాకే మెషీన్ పెట్టాలి, ఫైళ్ళను పదే పదే వాడకూడదు. చేత్తో బాగా చేసినది బాగానే నిలుస్తుంది, మెషీన్‌తో అశ్రద్ధగా చేసినది నిలవదు. మీ పన్ను పాడైంది చేత్తో చేయడం వల్ల అని మీరు రాసినదాంట్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

ఒక సంగతి మాత్రం ఏ ఫైలు వాడినా మారదు. 2001లో పీటర్స్ బృందం తయారుచేసిన కాలువలను సూక్ష్మ సీటీ స్కాన్‌లో ముందూ తర్వాతా పోల్చి చూస్తే, వాళ్ళు పరీక్షించిన ఫైళ్ళలో ఏదైనా సరే కాలువ గోడల్లో 35 శాతం లేదా అంతకంటే ఎక్కువ భాగాన్ని అసలు తాకనే లేదు. కాలువ గుండ్రని గొట్టం కాదు. ఒకచోట బల్లపరుపుగా ఉంటుంది, ఒకచోట రెండు కాలువల మధ్య సందు ఉంటుంది, పక్కలకు కొమ్మలు ఉంటాయి. సన్న మూతి సీసాలోకి బ్రష్ దూర్చినంత మాత్రాన మూలలు శుభ్రపడవు, నీళ్ళు పోసి కుదిపితేనే కదా మడ్డి కదిలేది. ఇక్కడ ఆ పని చేసేది సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. మిమ్మల్ని భయపెట్టిన బ్లీచింగ్ వాసన దానిదే. అది క్రిములను చంపుతుంది, అంతకంటే ముఖ్యంగా చచ్చిన గుజ్జును కరిగిస్తుంది. వేరే ఏ మందూ ఆ రెండో పని అంత బాగా చేయలేదు. గీకినప్పుడు గోడలకు మెత్తుకునే పొడిలాంటి పొరను తీయడానికి చివర్లో 17 శాతం ఈడీటీఏ ద్రావణం వాడతారు. కాబట్టి ఆ వాసన వచ్చిందంటే మీ డాక్టరు కాలువలు కడిగారన్నమాట. ఆ విషయంలో నాకు ఆయన మీద మంచి అభిప్రాయమే కలిగింది.

కానీ అదే మందు గొంతులోకి జారినా, ఎముకలోకి గట్టిగా ఎక్కించినా ప్రమాదం. అందుకే రబ్బర్ డ్యామ్ అనే పల్చని రబ్బరు షీటుకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి ఆ ఒక్క పన్నే పైకి కనిపించేలా తొడుగుతారు. ఉమ్మి లోపలికి రాదు, మందు బయటికి పోదు, ఫైలు జారి గొంతులో పడదు. ఉమ్మి చుక్కలో ఉండే క్రిములు లెక్కకు అందవు. వాటిని చంపడానికి గంటసేపు కష్టపడుతూ, పక్కనుంచి ఉమ్మి కారుతుంటే ఊరుకోవడం నాకు ఎప్పుడూ మనసుకు పట్టదు. మన దగ్గర అందరూ ఇది వాడరు. ఈసారి మీరు అడగండి. ‘డాక్టరు గారూ, రబ్బర్ డ్యామ్ పెడతారా?’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

శుభ్రం చేసిన కాలువలను గట్టా పర్చా అనే పదార్థంతో నింపుతారు. మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు లాంటి పదార్థం అది. ఇప్పుడు వాడే పుల్లల్లో ఆ చెట్టు పాలు ఐదో వంతే, ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. పుల్లలు గోడలకు అతుక్కోవు కాబట్టి మధ్య సందుల్లో సీలర్ అనే జిగురు మందు పెడతారు. ఎక్స్‌రేలో మీకు చూపించిన తెల్ల గీతలు ఇవే. ఆ గీతలు వేరు కొన దాకా నిండుగా ఉంటే సంతోషించాల్సిందే. అయినా ఆ నింపుడు ఒక్కటే ఉమ్మిని ఆపలేదు, మీ కష్టమంతా ఇక్కడే మొదలైంది.

1990లో తొరాబినెజాద్, ఆయన సహచరులు చేసిన పరీక్ష ఇది. పీకిన పళ్ళలో కాలువలు పద్ధతిగా తయారుచేసి, గట్టా పర్చా, సీలర్‌తో నింపి, పైన మాత్రం ఏమీ మూయకుండా క్రిములున్న ద్రవంలో ఉంచారు. ఒక రకం క్రిమి 19 రోజుల్లో, ఇంకో రకం 42 రోజుల్లో సగానికి పైగా కాలువల్లో పైనుంచి కొన దాకా చేరిపోయాయి. అది ప్రయోగశాల సంగతి, నోట్లో లెక్క కొంత వేరుగా ఉండొచ్చు. కానీ మీ పన్ను తెరుచుకుని ఉన్నది రోజులు కాదు, నెలలు.

ఇంకో ఐదేళ్ళకు, 1995లో రే, ట్రోప్ అనే ఇద్దరు రూట్ కెనాల్ చేసిన 1010 పళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించారు. కాలువ నింపడం, పైన ఫిల్లింగ్ రెండూ బాగున్నచోట 91 శాతం పళ్ళ వేరు కొనల దగ్గర జబ్బు ఆనవాలు లేదు. రెండూ బాగాలేనిచోట అలా ఆరోగ్యంగా ఉన్నవి 18 శాతమే. అంతవరకు అందరూ ఊహించేదే. డాక్టర్లను ఆశ్చర్యపరిచినది ఏమిటంటే, కాలువ నింపడం కంటే పై ఫిల్లింగే ఎక్కువ తేడా చూపించింది. ఆ తర్వాత వచ్చిన కొన్ని పరిశీలనలు కాలువ పనే ముఖ్యమన్నాయి. అన్నిటినీ కలిపి చూసిన 2011 నాటి సమీక్ష రెండూ సమానంగా అవసరమేనని తేల్చింది. ‘రూట్ కెనాల్ అయిపోయింది, క్యాప్ తర్వాత చూద్దాం’ అనే మాట ఊళ్ళో, సిటీలో అందరి నోటా వింటున్నాను. పైన గట్టిగా మూయనంతవరకు అది సగం వైద్యమే.

తాత్కాలిక సిమెంట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని తక్కువ అంచనా వేసేవాళ్ళే ఎక్కువ. ముద్దలా ట్యూబులోంచి తీసి పెట్టి, ఉమ్మి తడికే గట్టిపడే రకం ఒకటి ఉంది. బిగుసుకునేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది కాబట్టి అంచులను చక్కగా మూస్తుంది. అయితే కనీసం మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉంటేనే అది ఉమ్మిని ఆపుతుంది. కింద పెట్టే దూది ఉండ పెద్దదైతే సిమెంట్‌కు ఆ మందం దక్కదు. మీద నమిలినప్పుడల్లా దూది మెత్తగా దిగి సిమెంట్ పగులుతుంది. దూది పోగు ఒక్కటి అంచులోంచి బయటికి పొడుచుకొచ్చినా చాలు, దాని వెంట తడి లోపలికి పాకుతుంది. ఇంకా దవడ పంటి మీద రోజూ పడే నమిలే ఒత్తిడికి ఈ మెత్తని సిమెంట్ అరుగుతూనే ఉంటుంది. వారం, పది రోజులు, మహా అయితే రెండు మూడు వారాలు. అంతకుమించి దాని మీద భారం వేయకూడదు. మీకు పది రోజుల్లో రమ్మని చెప్పింది అందుకే.

మరి ఇన్ని నెలలు మీకు ఏమీ తెలియలేదేం? ప్రాణమున్న పంటికి ఫిల్లింగ్ అంచు లీకైతే చల్లనీళ్ళు తాగగానే జివ్వుమంటుంది, మనం పరిగెత్తుకెళ్తాం. రూట్ కెనాల్ చేసిన పంటికి ఆ హెచ్చరిక ఉండదు. కింద పుచ్చిపోతున్నా, క్రిములు దిగుతున్నా నిశ్శబ్దంగానే జరుగుతుంది. ఒకేచోట తిండి ఇరుక్కోవడం, ఫ్లాస్ దారం అంచు దగ్గర చిరగడం, ఆ పన్ను దగ్గర వాసన, నాలుకకు గరుకు తగలడం, ఇలాంటివే గుర్తులు. నొప్పి ఆఖరున వస్తుంది.

లవంగ నూనె సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతానేమో. దాన్ని ఇక పెట్టకండి. మీ పంటిలో అది తగ్గించడానికి నొప్పి తెలిసే నరమే లేదు, చిగురును కాల్చడం తప్ప ప్రయోజనం లేదు. పైగా లవంగ నూనెలోని యూజినాల్ తర్వాత పెట్టే తెల్ల ఫిల్లింగ్ సరిగ్గా గట్టిపడకుండా అడ్డుపడుతుంది. నెలల తరబడి వాడానని కొత్త డాక్టరు గారికి తప్పక చెప్పండి, ఆయన పై పొర తీసి శుభ్రం చేసుకుంటారు. పిన్నీసు ఎంత మాత్రం వద్దు.

ఇప్పుడు పర్మనెంట్ ఫిల్లింగ్. తెల్ల రంగు కాంపోజిట్ పెట్టాలంటే ముందు పంటి మీద నీలం రంగు యాసిడ్ జెల్ రాసి కడుగుతారు. పంటి పైపొరలో కంటికి కనిపించని గుంటలు పడతాయి. బాండింగ్ ద్రవం ఆ గుంటల్లోకి దిగి, లైటు పడగానే గట్టిపడి పట్టుకుంటుంది. ఈ ఆలోచనకు 1955లో బుయోనోకోర్ బీజం వేశారు. ఎనామిల్ అనే ఆ పైపొర మీద ఈ పట్టు చాలా గట్టిది. దాని కింద ఉండే డెంటిన్ అనే పొర తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ పట్టు అంత నమ్మకమైనది కాదు. రెండు పళ్ళ మధ్య, చిగురు అంచున ఎనామిల్ పల్చగా ఉంటుంది లేదా ఉండనే ఉండదు, లీకులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. పైగా కాంపోజిట్ లైటుతో గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. ఒకేసారి గుంతంతా నింపి లైటు కొడితే అంచు దగ్గర గోడ నుంచి విడిపోయి వెంట్రుకంత సందు ఏర్పడవచ్చు. క్రిమికి అంత సందు ఎక్కువే. అందుకని మామూలు కాంపోజిట్‌ను రెండు మిల్లీమీటర్ల పొరలుగా, ఒక్కో పొరకూ లైటు పెడుతూ నింపుతారు. మీ పంటికి అరగంట పట్టిందంటే విసుక్కోకండి, ఆ ఓపికే మీకు కావాలి. మధ్యలో ఒక్క ఉమ్మి చుక్క పడినా పట్టు పోతుంది. పూర్తిగా పొడిగా ఉంచడం కుదరని చోట గ్లాస్ అయానమర్ సిమెంట్ మేలు. అది పంటితో రసాయనికంగానే అతుక్కుంటుంది, బలం మాత్రం తక్కువ. కొందరు డాక్టర్లు కాలువల నోళ్ళ మీద ముందు దీన్నో, పల్చని కాంపోజిట్‌నో ఒక పొర పెట్టి, ఆపైన గట్టి ఫిల్లింగ్ కడతారు. పైది ఎప్పుడైనా ఊడినా కింద ఇంకో తలుపు మూసే ఉంటుంది. మీలాంటి కేసులో అలా చేయమనే నా సలహా.

క్యాప్ డబ్బు కోసం చెబుతున్నారా అన్నారు. దవడ పంటికైతే కాదు. నరం తీసేస్తే పన్ను ఎండిపోయి పెళుసవుతుందని చాలామంది చెబుతుంటారు, అసలు కారణం అది కాదు. 1989లో రీ బృందం కొలిచి చూస్తే రూట్ కెనాల్ కోసం చేసే రంధ్రం వల్ల పంటి దృఢత్వం 5 శాతమే తగ్గింది. కానీ పన్నుకు రెండు పక్కలా, మధ్యలోనూ గుంత పడి పక్క గోడలు తెగిపోతే ఏకంగా 63 శాతం తగ్గింది. రూట్ కెనాల్ దాకా వచ్చిన పంటికి సాధారణంగా పిప్పి ఆ గోడలను తినేసే ఉంటుంది. మిగిలిన పంటి మొనలు నమిలినప్పుడల్లా బయటికి వంగుతూ ఒకరోజు వేరుదాకా చీలిపోతాయి. క్యాప్ వాటిని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. 2002లో అక్విలినో, కప్లాన్ ప్రచురించిన పరిశీలనలో క్యాప్ వేయని పళ్ళు, వేసినవాటికంటే ఆరు రెట్లు ఎక్కువ వేగంగా ఊడబెరకాల్సి వచ్చింది. అయితే క్యాప్ అంచు చిగురు పైన గట్టి పంటిని చుట్టూ కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు పట్టుకోవాలి. అంత పన్ను మీకు మిగిలిందో లేదో డాక్టరే చూసి చెప్పాలి. పక్క గోడలన్నీ నిలిచి ఉన్న ముందు పళ్ళకు మాత్రం చాలాసార్లు మంచి ఫిల్లింగ్ చాలు. వాటికీ క్యాప్ తప్పదంటే ఎందుకని అడగండి.

మొదటి డాక్టరు తప్పు చేశారా అని మీరు సూటిగా అడగలేదు కానీ, మీ ఉత్తరంలో ఆ అనుమానం ఉంది. పది రోజుల్లో రమ్మని ఆయన స్పష్టంగానే చెప్పారు. అయితే కాలువలు నింపిన రోజే పైన పర్మనెంట్ ఫిల్లింగ్ కూడా పెట్టేయడం మంచి అలవాటని నేను గట్టిగా నమ్ముతాను. క్యాప్‌కు పేషెంటు రాకపోయినా, ఎండా వానా పెళ్ళిళ్ళూ పరీక్షలూ అడ్డొచ్చినా, పన్ను మూసే ఉంటుంది. ఇంట్లో అందరి పనులూ చూసుకునే ఆడవాళ్ళు తమ పన్నును ఆఖరి వరసలో పెడతారని డాక్టర్లకు తెలియనిదేమీ కాదు. ఈసారి మీరే ముందుగా ఆ మాట మాట్లాడుకోండి: కాలువలు నింపిన రోజే పైన గట్టి ఫిల్లింగ్ కావాలని.

మళ్ళీ చేయడమంటే పాత గట్టా పర్చాను మందుతో మెత్తబరిచి ఫైళ్ళతో తీసేస్తారు. మొదటిసారి దొరకని నాలుగో కాలువ ఏదైనా ఉందేమో వెతుకుతారు, ఇది నిజంగా చాలా ముఖ్యం. మళ్ళీ కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద పెట్టి ఒకటి రెండు వారాలు ఉంచుతారు. ఆ మధ్యకాలంలో చిగురు మీది పొక్కు చదునైపోతే లోపల సర్దుకుంటోందన్న ధైర్యం వస్తుంది. ఒకే సిట్టింగ్‌లో ముగించమని, చీము కారుతున్న పంటికి, పట్టుబట్టకండి. యాంటీబయాటిక్ బిళ్ళలు మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోకండి. కాలువలో రక్తప్రసరణ లేదు కాబట్టి బిళ్ళ మందు అక్కడికి చేరనే చేరదు. జ్వరం, పాకే వాపు ఉంటేనే అవి అవసరం. షుగర్ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే చేయించుకోండి, షుగర్ అదుపులో లేకపోతే ఎముక మానడం నెమ్మదిస్తుంది. మానడం కూడా ఎక్స్‌రేలో వెంటనే కనపడదు. ఏడాదికి ఒకసారి చూడాలి, కొన్ని పళ్ళకు నాలుగేళ్ళ దాకా పడుతుంది.

బావగారి సలహా ఒక్క సందర్భంలో సరైనదవుతుంది. చిగురు పక్కన సన్నని పరికరం దించి చూసినప్పుడు ఒక్కచోటే లోతుగా దిగిపోతే వేరు నిలువునా చీలి ఉండొచ్చు. అలా చీలిన దవడ పంటిని ఏ రూట్ కెనాలూ నిలపలేదు, తీయించుకోవడమే దారి. అదేమీ లేకుండా పీకించుకుంటే పీడ పోదు. పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, ఇంప్లాంటో బ్రిడ్జో పెట్టించుకోవాలంటే సాధారణంగా మళ్ళీ రూట్ కెనాల్, క్యాప్‌కు అయ్యేదానికంటే ఎక్కువే అవుతుంది.

ఈ వారంలోనే రాజమండ్రి వెళ్ళండి. మొదటి డాక్టరు గారి దగ్గర ఉన్న పాత ఎక్స్‌రేలు అడిగి తీసుకుని వెంట పట్టుకెళ్ళండి, ఎముకలో మచ్చ ఎంత పెరిగిందో పోల్చి చూడటానికి అవి చాలా పనికొస్తాయి. అప్పటిదాకా ఎడమవైపు నమలండి, తిన్న తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించండి. వేరు చీలిందని చెబితే ఏ పరీక్షతో తేల్చారో అడిగి నాకు రాయండి.